ఫ్యాన్ రిలే మూడు వారాలకే పోయిందా? కొత్తది కొనేముందు సాకెట్ చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదండీ. పన్నెండేళ్ళ డీజిల్ కారు, ఉండేది కాకినాడలో. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మానేస్తే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి, విడదీసే స్విచ్చు డబ్బా) పోయిందన్నారు. పాతదాని మీద 12 వోల్ట్, 30 ఆంప్ అని ఉంది. షాపాయన 40 ఆంపుల అయిదు కాళ్ళ రిలే చేతిలో పెట్టి "అన్ని బళ్ళకీ ఇదే" అన్నాడు. మూడు వారాలు బాగానే నడిచి మళ్ళీ ఫ్యాన్ ఆగింది. పీకి చూస్తే రిలే అడుగు, దాన్ని గుచ్చే సాకెట్ రెండూ గోధుమరంగుకు తిరిగాయి. ఇప్పుడు 70 ఆంపులది వేస్తే ఈ గొడవ వదులుతుందా, అసలు ఏ రిలే కొనాలో ఎలా తెలుస్తుంది, నేనే బిగించుకోవచ్చా అని అడిగారు.

70 ఆంపులది వద్దు. రిలే మీరే మార్చుకోవచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు. కానీ ఆ సాకెట్ బాగుచేయకుండా ఎంత ఖరీదైన రిలే పెట్టినా మళ్ళీ మూడు వారాలే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవయ్యేడేళ్ళుగా బళ్ళ ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. "రిలే పోయింది" అంటూ నా దగ్గరికి వచ్చే బళ్ళలో రిలే తనంతట తాను చచ్చినవి తక్కువ. ఎక్కువసార్లు దాని కింద లగ్గు (సాకెట్ లోపల రిలే కాలిని పట్టుకునే ఇత్తడి ముక్క) వదులైపోయి ఉంటుంది, లేదా అది నడిపే మోటారు ఎక్కువ కరెంటు లాగుతూ ఉంటుంది, లేదా ఎవరో దానికి సంబంధం లేని రిలే పెట్టి పోయి ఉంటారు. మీ బండిలో మొదటిది ఖాయంగా ఉంది. రెండోది ఉందో లేదో చూడాలి. మూడోదాని గురించి కూడా నాకు కొంచెం అనుమానమే.

పోయిన రిలే పారేయకండి. సన్నటి స్క్రూడ్రైవర్ అంచు వెంబడి తోస్తే పైమూత ఊడి వస్తుంది. లోపల దారపుకండెలా రాగితీగ చుట్టిన కాయిల్, దాని మీద చిన్న ఇనుపరేకు, రేకుని వెనక్కి లాగే స్ప్రింగ్, ఎదురెదురుగా రెండు బొడిపెలు కనిపిస్తాయి. ఆ బొడిపెల్ని మేం పాయింట్లు అంటాం. వెండి కలిపిన లోహంతో చేస్తారు. కాయిల్‌కి కరెంటు ఇస్తే అది అయస్కాంతమై రేకుని లాగుతుంది, పాయింట్లు టిక్కుమని కలుస్తాయి, ఫ్యాన్ తిరుగుతుంది. కాయిల్ తినేది ఆంపులో ఏడెనిమిదో వంతు మాత్రమే. దాంతో 15, 20 ఆంపుల ఫ్యాన్‌ని నడిపిస్తున్నాం. డాష్‌బోర్డ్ స్విచ్చో, ఇంజిన్ కంప్యూటరో అంత కరెంటు మోయలేవు కాబట్టే మధ్యలో ఇది.

మీ రిలే పాయింట్లు ఎలా ఉన్నాయో చూడండి. కొంచెం నల్లబడితే మామూలే, ప్రతిసారీ చిన్న మెరుపు వస్తుంది కదా. గుంటలు పడి ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ఎక్కువ కరెంటు పోయిందని గుర్తు. పాయింట్లు శుభ్రంగానే ఉండి, కాలి మొదట్లో ప్లాస్టిక్ మాత్రం కాలి ఉంటే వేడి బయటనుంచి లోపలికి వచ్చిందన్నమాట, అంటే సాకెట్ నుంచి. తప్పు ఎటువైపుందో ఈ ఒక్క చూపే చెప్పేస్తుంది. ఎమ్రీ కాగితంతో పాయింట్లు గీకి మళ్ళీ పెట్టేవాళ్ళున్నారు. పైన ఉన్న వెండి పొర కాస్తా పోయి రెండు రోజులకే ఇంకా ఎక్కువ కాలుతుంది. ఆ పని చేయకండి.

ఇక ఎంచుకోవడం. చదరంగా ఉన్నవన్నీ ఒకటే అనుకోవడమే అసలు చిక్కు. కవరు మీద ఒక చిన్న బొమ్మ, కాళ్ళ పక్కన నంబర్లు ఉంటాయి. 85, 86 కాయిల్ కాళ్ళు. 30 బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు. 87 ఫ్యాన్ వైపు వెళ్ళేది. 87ఎ అని అయిదో కాలు ఉంటే, అది రిలే పడుకుని ఉన్నప్పుడు, అంటే కాయిల్‌కి కరెంటు లేనప్పుడు, 30తో కలిసి ఉంటుంది, కరెంటు వచ్చి రిలే లేవగానే విడిపోతుంది. ఇవి జర్మనీవాళ్ళ డిన్ 72552 అనే ప్రమాణం నుంచి వచ్చిన నంబర్లు, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. చిన్న సైజు మైక్రో రిలేల మీద 1, 2, 3, 4, 5 అని ఉంటాయి. వాటిలో 1, 2 కాయిల్, 3 అంటే 30, 5 అంటే 87, 4 అంటే 87ఎ. జపాన్ బళ్ళలో కొన్నిటికి నంబర్లే ఉండవు, బొమ్మ చూసి తెలుసుకోవాల్సిందే.

అయిదు కాళ్ళవి రెండు రకాలు. ఒకదానిలో మధ్యకాలు 87ఎ. ఇంకోదానిలో మధ్యకాలు కూడా 87 అనే ఉంటుంది, అంటే రిలే లేస్తే రెండు చోట్లకీ కరెంటు పోతుంది. చేత్తో పట్టుకుంటే రెండూ కవల పిల్లలే. మొదటిది ఉండాల్సిన చోట రెండోది పెడితే, రిలే పడుకున్నప్పుడు పనిచేయాల్సిన వస్తువు పనిచేయదు. రెండోది ఉండాల్సిన చోట మొదటిది పెడితే, ఆఫ్‌లో ఉండాల్సింది ఆన్‌లో ఉండి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. మీ పాతదానికి నాలుగే కాళ్ళుంటే నాలుగు కాళ్ళదే కొనండి. అయిదు కాళ్ళది ఆ సాకెట్‌లో కూర్చుందంటే మధ్యలో ఖాళీ రంధ్రం ఉండి ఉండాలి, లేదా షాపాయన మధ్యకాలు కత్తిరించి ఇచ్చి ఉండాలి. పని జరుగుతుంది, కాదనను. కానీ రిలే పడుకున్నంతసేపూ ఆ మధ్యకాలికి బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. కాకినాడ ఉప్పుగాలిలో, వానాకాలంలో ఆ మొండికాలు దగ్గర పచ్చగా చిలుము పట్టడం మొదలైతే మంచిది కాదు.

ఇంకొకటి చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోరు. నాలుగు కాళ్ళ రిలేల్లోనే ఎ రకం, బి రకం అని రెండు అమరికలున్నాయి. రెండిటి కొలతలూ ఒకటే, కాళ్ళ ఆకారం ఒకటే. తేడా అల్లా 30, 86 కాళ్ళు చోటు మార్చుకుంటాయి. ఎ రకం సాకెట్‌లో బి రకం పెట్టారనుకోండి. సాకెట్‌లో 30 దగ్గరున్న లావు వైరు ఇప్పుడు కాయిల్‌కి తగులుతుంది, 86 దగ్గరున్న సన్న వైరు పాయింట్లకి తగులుతుంది. అంటే ఫ్యాన్ మోటారు లాగే 15 ఆంపులూ ఆ సన్న వైరు గుండా పోవాలి. ఫ్యాన్ తిరుగుతుంది కూడా! తిరుగుతోంది కదా అని బానెట్ మూసేస్తాం, లోపల వైరు మగ్గిపోతూ ఉంటుంది. అందుకే పాత రిలేని, కొత్త రిలేని పక్కపక్కన తలకిందులుగా పెట్టి ఏ నంబరు ఎక్కడుందో కాలుకి కాలు పోల్చి చూడండి. మీ మూడు వారాల రిలేని ఇలా చూశారో లేదో రాయలేదు. ఇవాళే చూడండి.

వోల్టులు చెప్పనక్కర్లేదు అనుకుంటాం గానీ చెప్పాలి. లారీలు, బస్సులు చాలావరకు 24 వోల్టులు, కార్లు 12. ఒకసారి మిర్చి లోడుతో వచ్చిన లారీకి దారిలో ఎవరో 12 వోల్టుల రిలే పెట్టి పంపారు. నా దగ్గరికి వచ్చేసరికి రిలేలుండే పెట్టె మూత తీయగానే కాలిన వార్నిష్ వాసన. వోల్టేజ్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. 12 వోల్టుల కాయిల్ మామూలుగా ఒకటిన్నర వాట్ల చిల్లర తింటుంది, 24 ఇస్తే ఆరు వాట్లు దాటుతుంది. అగ్గిపెట్టెంత డబ్బాలో అంత వేడి ఎక్కడికి పోతుంది? దానికి తిరగేసి, 24 వోల్టులది కారులో పెడితే అసలు లేవదు. మల్టీమీటరు ఉంటే కవరు మీద అక్షరాలు చెరిగిపోయినా తెలుసుకోవచ్చు. 85, 86 మధ్య 80 నుంచి 100 ఓమ్స్ చూపితే 12 వోల్టులది, 300 దాటితే 24 వోల్టులది.

ఇప్పుడు డయోడ్ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నా చెయ్యి కాలింది ఇక్కడే. కాయిల్‌కి కరెంటు ఆపిన క్షణంలో అది వెనక్కి ఒక తన్ను తంతుంది. 12 వోల్టుల కాయిలే గానీ ఆ తన్ను వంద వోల్టులు దాటుతుంది. పాత బళ్ళలో స్విచ్చులే కాబట్టి పట్టించుకునేవాళ్ళు కాదు. కంప్యూటర్ వచ్చాక ఆ దెబ్బకి లోపలి ట్రాన్సిస్టర్ పోతుంది. అందుకని రిలే లోపలే కాయిల్‌కి అడ్డంగా ఒక రెసిస్టరో (కరెంటుకి అడ్డు పెట్టే ముక్క), డయోడో (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చే ముక్క) పెడతారు. రెసిస్టర్ ఉన్నదాన్ని ఎటు తిప్పినా పర్వాలేదు. డయోడ్ ఉన్నదానికి మాత్రం 86కే ప్లస్, 85కే మైనస్ రావాలి. తిరగబడితే డయోడ్ నేరుగా షార్ట్.

నేను పనిలో కుదురుకుంటున్న రోజుల్లో ఒక కారుకి హారన్ రిలే మార్చాను. ఆ బండిలో 85కి ప్లస్ వచ్చేలా వైరింగ్ ఉంది, నేను పెట్టిన దానిలో డయోడ్ ఉంది. హారన్ నొక్కగానే చిన్న పొగ. రిలే పోతే పోయింది, దాన్ని నడిపే కంట్రోల్ బాక్స్ కూడా పోయింది. ఆ బాక్స్ డబ్బులు నా జీతంలోంచే పట్టుకున్నారు, రెండు నెలలు.

ఇందులో తిరకాసు ఏమిటంటే, డయోడ్ ఉందో లేదో మామూలు మీటరు చెప్పదు. పక్కనే 90 ఓమ్స్ కాయిల్ ఉండటంతో మీటరు ఇచ్చే చిటికెడు కరెంటు దాని గుండానే పోతుంది, డయోడ్ తెరుచుకోదు. రెండు వైపులా ఒకే రీడింగ్ వస్తుంది. కాబట్టి కవరు మీది బొమ్మే దిక్కు. కాయిల్ గుర్తు పక్కన చిన్న డబ్బా గీస్తే రెసిస్టర్, బాణం ముక్కు, దాని ముందు గీత ఉంటే డయోడ్. పాతదానిలో రెసిస్టర్ ఉంటే కొత్తదానిలోనూ రెసిస్టర్ ఉన్నదే తీసుకోండి. "డయోడ్ ఉంటే ఇంకా మంచిది కదా" అంటారు కొందరు. తన్ను బాగా అణుస్తుంది, నిజమే. కానీ రిలే విడిపోవడం కాస్త ఆలస్యమవుతుంది, పాయింట్లు మెల్లగా విడిపోతే మెరుపు ఎక్కువసేపు నిలుస్తుంది. ఫ్యాన్ లాంటి మోటార్ల దగ్గర అది మంచిది కాదు. ఈ రెండూ లేని రిలేని మాత్రం కంప్యూటర్ నడిపే చోట అస్సలు పెట్టకండి.

ఆంపులు. 40 అని రాసి ఉంటే 40 ఆంపుల ఫ్యాన్ పెట్టొచ్చని కాదు. ఆ లెక్క మామూలు హీటర్ లాంటి లోడ్‌కి. మోటారు కదలని స్థితి నుంచి లేచేటప్పుడు, తిరుగుతూ లాగే కరెంటుకి నాలుగైదు రెట్లు ఒక్క క్షణం లాగుతుంది. ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు దాదాపు పది రెట్లు. 30/40 అని రెండు అంకెలు ఉంటే, 40 అనేది 87 వైపు, 30 అనేది 87ఎ వైపు. అటువైపు పాయింట్లని నొక్కేది స్ప్రింగ్ ఒక్కటే కాబట్టి దాని బలం తక్కువ. మీ ఫ్యాన్‌కి 30 వేసిన చోట 40 వేయడంలో తప్పేం లేదు. నేను కూడా వేస్తాను.

మరి 70 ఎందుకు వద్దంటున్నానంటే, అసలు సిసలు 70 ఆంపుల రిలేలు చాలావాటికి 30, 87 కాళ్ళు 9.5 మిల్లీమీటర్ల వెడల్పుంటాయి. మీ సాకెట్‌లో లగ్గు 6.3 మిల్లీమీటర్లది. దూరదు. 6.3 కాళ్ళతోనే "70 ఆంప్" అని ముద్ర వేసి అమ్మేవి ఉన్నాయి, ఆ అంకెని నేను నమ్మను. ఒకవేళ మంచిదే దొరికిందనుకున్నా, కరెంటు పోయేది అదే వదులు లగ్గు గుండా, అదే వైరు గుండా. కాలేది రిలే పైన కాదు, కింద.

ఆ లెక్క ఒకసారి చూడండి. మీ ఫ్యాన్ 15 ఆంపులు లాగుతోందనుకుందాం. లగ్గు వదులై, చిలుము పట్టి అక్కడ ఓమ్‌లో ఇరవయ్యో వంతు అడ్డు వచ్చింది. 15ని 15తో గుణించి 20తో భాగిస్తే 11 వాట్ల పైన. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అందులో సగం వేడి ఆ గోరంత జాగాలో, రోహిణి కార్తె ఎండలో, ఇంజిన్ పక్కన. ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరగక ఏం చేస్తుంది? ఇంకా ఘోరం ఏమిటంటే, ఇత్తడి లగ్గు ఒకసారి బాగా వేడెక్కితే బిగువు పోతుంది. ఇంకా వదులవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. వేడి కాలి గుండా రిలే లోపలికి పాకి కాయిల్‌ని కూడా కాలుస్తుంది. రాగి వేడెక్కేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి వెళ్తే దాదాపు 30 శాతం. అప్పుడు కాయిల్ లాగుడు తగ్గి పాయింట్లు గట్టిగా నొక్కుకోవు. మూడు వారాల కథ అదీ.

రిలే నిజంగా పోయిందా అన్నది తేల్చడానికి సులువు మార్గం, అదే పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే మార్చి చూడటం. హారన్‌ది చాలాసార్లు సరిపోతుంది. టిక్ మన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. టిక్ కాయిల్ చేసే చప్పుడు, పాయింట్లు కాలిపోయినా వస్తుంది. గిజగిజమని వరసగా కొట్టుకుంటుంటే రిలే మీద కాదు, బ్యాటరీ మీదా, ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగివచ్చే దారి) మీదా అనుమానపడండి. వోల్టేజ్ సరిగా అందక లేస్తూ పడుతూ ఉంటుంది, అలా కాసేపు కొట్టుకుంటే మంచి రిలే కూడా కాలుతుంది.

నేను ఎక్కువగా నమ్మేది వోల్టేజ్ డ్రాప్ పరీక్ష. ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ కూడా తిరుగుతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా మీటరుని డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర మొనని బ్యాటరీ ప్లస్ మీద, నల్ల మొనని ఫ్యాన్ కనెక్టర్ ప్లస్ వైరులో తాకించండి. అర వోల్టు లోపు ఉంటే సరే. ఒకటి దాటితే దారిలో ఎక్కడో తింటోంది. తర్వాత మొనల్ని దగ్గరికి జరుపుకుంటూ రండి. 30 వైరు నుంచి 87 వైరుకి 0.2 వోల్టు దాటితే తప్పు రిలేలోనో, దాని లగ్గుల్లోనో. అటు బాగుండి ఫ్యాన్ ఎర్త్ వైపు ఎక్కువ చూపితే రిలే జోలికి పోనక్కర్లేదు. చేతులు, షర్టు, మీటరు వైర్లు ఫ్యాన్‌కి దూరంగా పెట్టుకోండి. ఇంజిన్ వేడిగా ఉంటే కొన్ని బళ్ళలో తాళం తీసినా ఫ్యాన్ దానంతటదే లేస్తుంది.

సాకెట్ బాగుచేసే పని మీ చేతుల్లో ఉంది గానీ ఓపిక కావాలి. ముందు బ్యాటరీ మైనస్ తీయండి. ప్లస్ ముందు తీస్తే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. రిలేని ఊపుతూ నిటారుగా పైకి లాగండి, పక్కకి వంచితే మంచి లగ్గులు కూడా విచ్చుకుంటాయి. ఫోన్‌తో ఏ వైరు ఎక్కడుందో రెండు ఫోటోలు తీసుకోండి. సాకెట్‌ని పెట్టె నుంచి విడదీసి కింద నుంచి చూస్తే వైర్లు కనిపిస్తాయి. లగ్గుకి చిన్న కొక్కెం ఉంటుంది, సన్నటి పిన్నుతో దాన్ని నొక్కి వైరుని వెనక్కి లాగితే లగ్గు బయటికి వస్తుంది.

కాలింది ఏదో కంటితోనే తెలుస్తుంది, ఇత్తడి ఎర్రగానో నీలంగానో మారుతుంది. మామూలుగా అది 30 గానీ 87 గానీ. వైరుని కొంచెం వెనక నుంచి కత్తిరించి లోపల చూడండి. రాగి నల్లగా ఉంటే ఇంకో అంగుళం కత్తిరించండి. మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించాల్సిందే. నల్ల రాగి మీద కొత్త లగ్గు కొట్టడం వల్లే సగం రిపేర్లు తిరిగొస్తాయి. వైరు పొట్టిగా అయిపోతే అంతే లావున్న ముక్క కలపండి. ఫ్యాన్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల కంటే సన్నది వద్దు, 4 దొరికితే ఇంకా మంచిది. ఇంటి వైరింగ్‌లో వాడే ఒంటి తీగ వైరు బండికి పనికిరాదు, అదురుకి విరిగిపోతుంది.

కొత్త లగ్గు తగరం పూత ఉన్నది తీసుకుని, సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. ముందున్న రెక్కలు రాగిని, వెనకున్నవి ఇన్సులేషన్‌ని పట్టాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో చప్పిడిగా అణిచేస్తే పైకి గట్టిగానే కనిపిస్తుంది, నెల తిరిగేసరికి వదులవుతుంది. నొక్కాక గట్టిగా లాగి చూడండి. రిలే కాలు ఒక్కటే ఆ లగ్గులో దూర్చి లాగితే బిగువుగా రావాలి, జారిపోతే అది కూడా పనికిరాదు. సాకెట్ ప్లాస్టిక్ కరిగి ఆకారం మారి ఉంటే లగ్గు ఎంత కొత్తదైనా నిలబడదు, సాకెట్ కూడా మార్చండి. వైర్లతో సహా విడిగా దొరుకుతాయి. పెట్టెలోనే కలిసిపోయిన సాకెట్ అయితే ఆ ఒక్క రిలే వరకు విడి సాకెట్ తెచ్చి, పక్కన బ్రాకెట్‌కి బిగించి, వైర్లు దానిలోకి మార్చుకోవచ్చు.

బయట బిగించేటప్పుడు కాళ్ళు కిందికి ఉండేలా పెట్టండి. పైకి పెడితే వాననీళ్ళు సాకెట్‌లో గిన్నెలో నిలిచినట్టు నిలుస్తాయి. వైరు కూడా సాకెట్ కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళాలి, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. సైలెన్సర్ మేనిఫోల్డ్‌కి దూరంగా ఉంచండి. సముద్రం దగ్గరున్న బండి కాబట్టి లగ్గుల మీద వ్యాసలైన్ పల్చగా రాస్తే చిలుము తగ్గుతుంది. పల్చగా అంటే పల్చగా, సాకెట్ నింపేయకండి. ఫ్యూజ్ ఎంతుంటే అంతే వేయాలి. 30 ఉన్నచోట 40 వేయడం, దాని బదులు వైరు ముక్క చుట్టడం లాంటివి చేస్తే ఈసారి కాలేది సాకెట్ కాదు, బండి.

దారిలో ఫ్యాన్ ఆగితే ఏం చేయాలని మీరు అడగలేదు గానీ మే నెలలో పనికొస్తుంది. ఇంజిన్ ఆపి, రిలే తీసి, సాకెట్‌లో 30, 87 రంధ్రాల మధ్య 20 ఆంపుల ఫ్యూజ్ ఉన్న లావు వైరు ముక్క పెడితే ఫ్యాన్ నేరుగా తిరుగుతుంది. ఇంటిదాకా రావచ్చు. తాళం తీసినా ఆగదు కాబట్టి బండి ఆపగానే ఆ వైరు తీసేయాలి. 30, 87 ఏవో ఖాయంగా తెలిస్తేనే చేయండి. తప్పు రంధ్రంలో పెడితే కంప్యూటర్ వైపు కరెంటు తోసినట్టవుతుంది.

రిలేలా కనిపించి రిలే కానివి కొన్ని ఉన్నాయి, వాటి జోలికి పోయేముందు ఆలోచించండి. ఇండికేటర్ ఫ్లాషర్, ఆగి ఆగి తిరిగే వైపర్ యూనిట్, డీజిల్ బళ్ళలో గ్లో ప్లగ్ టైమర్, వీటన్నిటి లోపలా చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఫ్లాషర్ మీద 49, 49ఎ, 31 అనో, బి, ఎల్, ఇ అనో రాసి ఉంటుంది. మామూలు రిలే దాని చోట కూర్చోవచ్చు గానీ మిణుకుమనదు. కొత్త కార్లలో కొన్ని రిలేలు బోర్డు మీదే సోల్డర్ చేసి వస్తాయి. అవి ఇంట్లో పని కాదు.

కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్ళండి. బాష్, హెల్లా, మిండా, డెన్సో, ఏదైనా మంచిదే, అసలుది అయితే. నకిలీలు ఆ పేర్లతోనే వస్తాయి. నేను చూసేది బరువు, ముద్ర, కాళ్ళు. కాళ్ళ చివర చిన్న అయస్కాంతం అంటుకుంటే అవి రాగి, ఇత్తడి కాదు, పూత పూసిన ఇనుము. పక్కన పెట్టేయండి. ఊపితే లోపల గలగలమన్నా వద్దు. రెండొందల వస్తువు దగ్గర యాభై మిగుల్చుకుని, ట్రాఫిక్‌లో ఇంజిన్ ఉడకబెట్టి హెడ్ గాస్కెట్ దాకా తెచ్చుకున్నవాళ్ళని చూశాను.

హెడ్‌లైట్లకి రిలేలు వేయిస్తే వెలుగు పెరుగుతుందా అని కూడా చివర్లో ఒక మాట అడిగారు. లైట్ల కరెంటంతా స్విచ్ గుండా పోయే పాత బండి అయితే బాగా తేడా కనిపిస్తుంది. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజ్ పదో వంతు తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి రెండు రిలేలు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్, 2.5 వైరు, అంతే. కొన్ని బళ్ళలో లైట్ల స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. అందుకని కాయిల్ ఒక కాలిని గుడ్డిగా బాడీకి కట్టకుండా, పాత బల్బు ప్లగ్‌లో ఆ డిమ్‌కి గానీ బ్రైట్‌కి గానీ చెందిన రెండు వైర్లకే కాయిల్ రెండు కాళ్ళూ కలపండి, ఎటైనా పనిచేస్తుంది. డయోడ్ లేని రిలే అయితేనే. రిలేలు పెట్టాం కదా అని 100/90 బల్బులు వేయకండి. హోల్డర్, రిఫ్లెక్టర్ 60/55 కోసం చేసినవి, ఎదురొచ్చేవాళ్ళకి కళ్ళు కనపడవు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు రెండు రిలేల నంబర్లు, బొమ్మలు పోల్చండి. సాకెట్ తీసి కాలిన లగ్గు మార్చండి. పాతదాని లాంటిదే, రెసిస్టర్ ఉన్న నాలుగు కాళ్ళ 12 వోల్టుల 40 ఆంపులది పెట్టండి. బ్యాటరీ మైనస్ కలిపాక గడియారం, కిటికీ అద్దాల ఆటో సెట్టింగ్ పోయి ఉంటే కంగారు పడకండి, మళ్ళీ పెట్టుకోవచ్చు. పది నిమిషాలు ఏసీ వేసి ఫ్యాన్ తిప్పి, రిలే మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటుంది, అది కాయిల్ వేడి. వేలు పెట్టలేనంత ఉంటే ఆపేయండి.

ఆ తర్వాత డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఫ్యాన్ ప్లస్ వైరు మీద కరెంటు చూపించండి. మామూలు క్లాంప్ మీటర్లు ఏసీ కరెంటే కొలుస్తాయి, అడిగి చూసుకోండి. మీ సైజు ఫ్యాన్ 12 నుంచి 20 ఆంపుల మధ్య ఉండాలి. తాళం తీసి చల్లారాక ఫ్యాన్‌ని చేత్తో తిప్పితే గరగరలాడినా, బిర్రుగా తిరిగినా మోటారు బుష్‌లు (ఇరుసుని మోసే లోహపు గొట్టాలు) అరిగినట్టే. అప్పుడు సాకెట్ ఎంత బాగుచేసినా పాయింట్లు కాలుతూనే ఉంటాయి. మూత తీసిన రిలేలో పాయింట్లు ఎలా ఉన్నాయో, ఫ్యాన్ ఎన్ని ఆంపులు లాగిందో రాయండి. ఫ్యాన్ మోటారు మార్చాలా, బుష్‌లతో సరిపోతుందా అన్నది వాటిని బట్టి చెప్తాను.